అక్క కొలతకు సైకిలు

మా అక్కకు యాభై ఏడేళ్లు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆవిడ సైకిలు సంగతి ఎత్తగానే అందరూ అడిగేది అదే. అడిగి, "ఈ వయసులోనా?" అని నోరెళ్లబెడతారు. పెట్టనివ్వండి. నాది సైకిలు రిపేరు షాపు, ముప్ఫై రెండేళ్లుగా అదే పని. ఎవరు తొక్కగలరో ఎవరు తొక్కలేరో నాకొకరు చెప్పక్కర్లేదు.

అక్క కాన్వాసు గుడ్డ కుడుతుంది. నా షాపు పక్క గదే ఆవిడది. గుడారాలు కుడుతుంది, కారు కవర్లు కుడుతుంది, అన్నిటికంటే ఎక్కువగా సైకిలు వెనక చక్రానికి రెండు పక్కలా వేలాడే సంచులు కుడుతుంది. దూరాలు తిరిగేవాళ్లు వెతుక్కుంటూ వచ్చి మరీ కుట్టించుకుంటారు. ఏడాదికో రెండేళ్లకో చిరిగిన మూల పట్టుకుని మళ్లీ వచ్చి, ఏ కొండ మీద వాన పట్టుకుందో, ఏ వంతెన కింద తలదాచుకున్నారో చెబుతారు. అక్క మిషను ఆపకుండానే వింటుంది. అలా ఏళ్ల తరబడి వినీ వినీ ఒకరోజు నా షాపులోకి వచ్చి నిలబడింది.

"నేను కుట్టిన సంచులన్నీ సముద్రం చూసొచ్చాయిరా. నేనే చూడలేదు. నాకో సైకిలు కట్టు."

"సముద్రం నాలుగు వందల కిలోమీటర్లక్కా."

"నేను దూరం అడగలేదు. సైకిలు అడిగాను."

కట్టాను. చిక్కంతా అక్కడే వచ్చింది. తేలికపాటి ఫ్రేము, సన్నటి టైర్లు, సీటు కంటే జానెడు కిందికి దించిన హ్యాండిలు. చూసినవాడల్లా ఆగి చూసేలా కట్టాను. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి పైన ఒక గొట్టం ఉంటుంది. హ్యాండిలు కూర్చునేది దాని మీదే. కొత్తప్పుడు అది పొడుగ్గా ఉంటుంది. హ్యాండిలు పైన మిగిలిన ముక్క చూస్తే నాకు ఒళ్లు మంట. అందుకే రంపం తీసుకుని అంచుకి సమంగా కోసేస్తాను. నా షాపు దాటిన ఏ సైకిలుకైనా మెడ నున్నగా ఉంటుందని ఊరంతా చెప్పుకుంటారు. చెప్పుకోవాలనే నా తాపత్రయం కూడా.

నెల తిరక్కుండానే అక్క కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. మొదట గంటసేపు ఉండేది, తర్వాత సాయంత్రం దాకా. ఒకరోజు చేతిలోంచి సూది జారిపోతే జారినట్టు కూడా తెలియలేదట. డాక్టరు చెయ్యి తిప్పి చూసి, నరం నొక్కుకుపోతోంది, ఇలాగే తొక్కితే పట్టు పోతుంది, సైకిలు మానెయ్యండి అన్నాడు. అక్క ఆ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. సూది పట్టే చేతులవి, వాటితోనే ఆవిడ బతుకు.

"ముచ్చట తీరిందిగా, ఇక వయసుకి తగ్గట్టు ఉండు" అన్నాడు మా బావ. గ్రంథాలయంలో గుమస్తా ఆయన. ప్రతిదీ దాని అరలో అది ఉండాలంటాడు.

నేనేమన్నానో కూడా చెప్పాలి. "డాక్టరే చెప్పాక ఇంకేముందిలే అక్కా" అన్నాను. ఒళ్లు ముందుకి వాలిపోయి బరువంతా అరచేతుల మీద పడుతోందని నాకప్పటికే తట్టింది. హ్యాండిలు లేపితే సరిపోతుందనీ తట్టింది. లేపడానికి గొట్టమేది? ఆ మాట బయటపెడితే ముప్ఫై రెండేళ్ల పేరు ఏమవుతుంది? నీళ్లు నమిలి ఊరుకున్నాను. సైకిలు మూడు నెలలు నా షాపు గోడకి వేలాడింది. వేళ్లు మెల్లగా తేరుకున్నాయి. అక్క మాత్రం సంచులు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లతో మాట్లాడటం మానేసింది. కొలత రాసుకునేది, పంపించేసేది.

ఒక మధ్యాహ్నం టేపు మెడలో వేసుకుని, సుద్దముక్క పట్టుకుని వచ్చింది.

"చొక్కా బిగుతైతే చొక్కా విప్పి కుడతాం గానీ మనిషిని చెక్కుతామట్రా? తప్పు నా చేతిది కాదు. ఆ సైకిలు నా కొలతది కాదు. దించు దాన్ని."

స్టూలు గోడ పక్కకి జరుపుకుని కూర్చుంది. నడుము మూలగనంత వరకు ముందుకి వంగింది. మోచేతులు కాస్త వదులుగా ఉంచి, కళ్లు మూసుకుని చేతులు చాపింది. అరచెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ గోడ మీద గీత పెట్టమంది. లేచి నాలుగడుగులు నడిచి మళ్లీ కూర్చుంది. మూడుసార్లు గీయించింది, మూడూ ఒకచోటే పడ్డాయి. అప్పుడు సైకిలు తెచ్చి, సీటు స్టూలు ఎత్తుకి వచ్చేలా ఇటుకల మీద నిలబెట్టించింది. హ్యాండిలు ఆ గీతకి ఆరు వేళ్లు కింద ఉంది.

"ఇక్కడికి లేపు."

"లేవదక్కా."

"ఎందుకు లేవదు?"

"గొట్టం కోసేశాను."

"మార్జిన్ ఎంత వదిలావు?"

"వదల్లేదు."

అక్క మొహంలో అంత ఆశ్చర్యం నేనెప్పుడూ చూడలేదు. దొంగతనం చేశానన్నా అలా చూసి ఉండేది కాదు.

"నలభై ఏళ్లయింది నేను కత్తెర పట్టి. లోపల మార్జిన్ వదలకుండా ఒక్క గుడ్డ కోశానా? ఒళ్లొస్తుంది, ఒళ్లు తగ్గుతుంది, నడుము వంగుతుంది, మనసు మారుతుంది. అందుకే కదరా వదిలేది. సరే, నా తిమ్మిరి దీనివల్లేనని నీకెప్పుడు తెలిసింది?"

నేను వంగి చక్రం కింద ఇటుక సర్దబోయాను.

"డాక్టరు దగ్గరకి వెళ్లిన రోజేనా?"

తల ఊపాను. అక్క చేతికంటిన సుద్ద చీరకొంగుకి తుడుచుకుంది. "వేళ్లు పోతాయనుకున్నానురా" అంది. నాకు తల తీసేసినట్టయింది. నాలుగు తిట్టినా బాగుండేది. బావకి కూడా చెప్పలేదు. నా తప్పు తన కడుపులోనే పెట్టుకుంది.

మళ్లీ కట్టాం. ఈసారి చెప్పింది ఆవిడ, చేసింది నేను. పూర్తి గొట్టంతో కొత్త ఫోర్కు వేసి, కింద రింగులు పేర్చి, హ్యాండిలుని గీత దగ్గరికి తెచ్చాను. వెడల్పు టైర్లు వేసి గాలి కాస్త తక్కువ కొట్టాను. కూర్చునే ఎముకలకి సరిపడే వెడల్పాటి సీటు, ఎత్తుల్లో మోకాళ్లు అరిగిపోకుండా పెడళ్ల దగ్గర చిన్న పళ్లచక్రం, బురదరేకులు, స్టాండు, గంట. హ్యాండిలు మీద చుట్టడానికి మెత్తటి పట్టీ అక్కే కుట్టింది.

"పాలబండిలా ఉంది" అన్నాను ఉండబట్టలేక.

"పాలబండి రోజూ ఇల్లు చేరుతుంది" అంది.

హ్యాండిలు పైన రెండు వేళ్ల గొట్టం మిగిలింది. రంపం వైపు చూడను కూడా లేదు.

డాక్టరేమో, నరం నొక్కుకోకపోతే తొక్కొచ్చు, తిమ్మిరి మొదలైతే మాత్రం దిగిపోవాలన్నాడు. బావ దిగిరాలేదు. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఆదివారం పొద్దున్నే అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న చెరువు దాకా తొక్కాలి. వేలు మొద్దుబారితే సైకిలు అమ్మేయాలి, సముద్రం మాట మళ్లీ ఎత్తకూడదు. సాక్షిగా నేను, హ్యాండిలు కిందికి దించి కట్టుకున్న నా తేలిక సైకిలు మీద వెంట వెళ్లాలి. అక్క ముందూ వెనకా కలిపి నాలుగు సంచులు నింపి కట్టింది.

"ఒక్క పూటకి ఇంత సామానెందుకు?" అన్నాడు బావ.

"బరువు లేకుండా చేస్తే అదేం పరీక్షండీ" అంది.

దారిలో సగం దూరం ఎదురుగాలే. నేను ముందుకెళ్లి ఆగడం, ఆవిడ వెనక నుంచి అదే వేగంతో వచ్చి నన్ను దాటిపోవడం. చెరువు చేరేసరికి నా నడుము పట్టేసింది. అక్క స్టాండు వేసి, సంచిలోంచి సూదీ దారం తీసి, ఒక్కసారికే ఎక్కించి నాకు చూపించింది. తర్వాత నా ఫోనుతో బావకి చేసింది.

"వేళ్లు బాగున్నాయండీ. చురుగ్గా ఉన్నాయి."

"మంచిది. జాగ్రత్తగా వెనక్కి రా."

"మనం మాట్లాడుకుంది వేళ్ల గురించి. వెనక్కి రావడం గురించి కాదు. సముద్రం చూసి వస్తాను."

బావ ఏదో గట్టిగా అంటున్నాడు. అక్క ఫోను నా చేతిలో పెట్టి, హెల్మెట్ సర్దుకుని, బండెక్కేసింది. ఫోను పట్టుకున్న నా చిటికెన వేలికి స్పర్శ లేదు.

"ఏం చూస్తున్నావు? వెళ్లి ఆపు దాన్ని" అన్నాడు బావ. "మళ్లీ చెయ్యి పాడైతే ఎవరు చూస్తారు? ఆ వయసులో..."

"వయసు కాదు బావా. నేను చేసిన సైకిలు తప్పు. డాక్టరు దగ్గరకి వెళ్లిన రోజే నాకు తెలుసు. అక్క మెట్ల మీద ఏడుస్తుంటే పక్కన నిలబడి నోరు మూసుకున్నాను. మీరెన్నయినా అనండి, పడతాను. మూడు నెలలు అక్కని ఆపింది నేనే. మళ్లీ ఆపను."