ఆ చెయ్యి నాది కాదన్నాడు

నంద్యాలలో నేను పనిచేసే కాలేజీలో చర్మవ్యాధుల విభాగానికి ప్రొఫెసర్ పోస్టు ఖాళీ అయింది. దానికి కావలసిన అర్హత జనాలకు దురద తగ్గించడం కాదు, పేపర్లు అచ్చు వేయించడం. నా జాబితా తీసి చూసుకున్నాను.

మొదటి రెండూ కణశాస్త్రానివి. చదువుకునే రోజుల్లో ఒక ల్యాబులో చర్మకణాలను గాజు పళ్లేల్లో పెంచాను. వేళకు వాటికి ఆహారం పెట్టి, బూజు పట్టకుండా కాపలా కాసి, నేను మాత్రం క్యాంటీన్ ఉప్మాతో బతికాను. తీరా అచ్చయ్యాక ఒకదాంట్లో నాది ఐదో పేరు, ఇంకోదాంట్లో ఏడోది. ఏడో పేరు దాకా చదివే ఓపిక మా అమ్మకు తప్ప ఎవరికీ లేదు. మిగతావి తామర, బొల్లి, గజ్జి. గజ్జి పేపరు గురించి మా ఆయన చుట్టాలకు చెప్పడానికి మొహమాటపడి, "ఏదో పెద్ద రీసెర్చిలే" అని మాట మార్చేవాడు.

నేను మురిసిపోయింది మాత్రం ఆళ్లగడ్డ పేపరు చూసుకుని. వారానికోసారి బస్సెక్కి అక్కడికి పోయి, విగ్రహాలు చెక్కేవాళ్ల చేతులు చూసేదాన్ని. రాతిపొడికీ నీళ్లకూ వాళ్ల అరచేతులు బీటలువారి ఉండేవి. వాళ్లకూ, చుట్టుపక్కల ఊళ్ల రైతులకూ ఒక పూతమందు ఇచ్చి, వాడకముందూ వాడాకా ఫొటోలు తీసి, చర్మకణాల్లో వచ్చిన మార్పు చూసి రాశాను. అందులో మొట్టమొదటి పేరు నాదే. ఒక పెద్ద శిల్పి చేతి ఫొటోలు పేజీలో సగం ఆక్రమించాయి. ఆ పేజీని రంగుల్లో ప్రింటు తీయించి, ఆయనకు చూపించాలని ఎగేసుకుంటూ పోయాను.

ఆయన పనిపాక ముందు కూర్చుని కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఈ పగిలిన చెయ్యి నాదేనమ్మా. ఈ రెండోది ఎవురిది?"

"అదీ నీదే పెద్దాయనా. మందు వాడినాక."

"నాది కాదు."

"తగ్గిపోయింది కదా, అందుకే గుర్తుపట్టలేకున్నావు."

"నేను దినామూ దేవుళ్ల చేతులకు యేళ్లు చెక్కేటోన్ని. నా యేళ్లు నాకు తెల్దా?" అని చెయ్యి నా ముఖం ముందు చాపాడు. "చిటికెనేలు సూడు. చిన్నప్పుడు సుత్తెతో కొట్టుకున్యా, వంకర పోయింది. నీ బొమ్మలో నిటారుగా ఉండాది. మందుకు పగుళ్లు పోతాయిగానీ, యెముక గూడా సక్కగవుతాదా ఏందీ?"

పాకలో ఉలుల చప్పుడు ఆగి, నవ్వులు మొదలయ్యాయి. నేనూ నవ్వబోయాను కానీ, అరచెయ్యి చూశాక నవ్వు రాలేదు. బీటలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మందు పూసుకోలేదా?"

"రెండు దినాలు పూసుకున్యా. ఉలి జారతాంది. దేవుని ముక్కు పోతే ఎవురు అతికిస్తారు?"

నంద్యాలకు తిరిగొచ్చి ఫైళ్లన్నీ తిరగేశాను. ఆ రెండో చెయ్యి అవుకు నుంచి వచ్చిన రైతుది. ఫొటోలకు పేర్లు పెట్టేటప్పుడు నేనే దాన్ని పెద్దాయన పేరు కింద కూడా పెట్టేశాను; ఆయనకు రెండో ఫొటో తీయనే లేదు. కణాలను అంత జాగ్రత్తగా చూసిన నా కళ్లకు వేలు కనిపించలేదు. పత్రికకు సవరణ పంపాలని చెబితే మా పెద్ద ప్రొఫెసర్ తలెత్తలేదు.

"ఎవరు చూస్తారమ్మా? ముందు ప్రమోషన్ రానీ."

"ఆయన చూశాడు కద్సార్."

"ఆయనేమన్నా ఉత్తరం రాస్తాడా?"

"రాయడు. నన్ను చూసినప్పుడల్లా చిటికెనవేలు చూపిస్తాడు."

మూడో రోజు సవరణ పంపాను. పత్రిక వాళ్లు సరైన ఫొటో అడిగారు. ఆళ్లగడ్డ పోయి, మానని చేతికి మళ్లీ ఫొటో తీశాను. మందు గుణమిచ్చిన వాళ్ల లెక్కలో ఒకరు తక్కువని రాసి, నా పేరుతోనే అచ్చు వేయించాను.

ఇంటర్వ్యూకు కాగితాలు ఇచ్చేటప్పుడు ఆఫీసు గుమస్తా ఆ సవరణను పైకెత్తి చూసి, "ఇదీ అచ్చయిందే కదా మేడమ్, ఇంకో పేపరుగా లెక్కేద్దామా?" అన్నాడు. నా తప్పుకు కూడా మార్కులు పడేలా ఉన్నాయి. వద్దన్నాను. పోస్టు చుండ్రు మీద రాసిన సహోద్యోగికి పోయింది. ఒక పూటంతా ఆయన్ని తిట్టుకున్నాను. సాయంత్రం ఆయన పంచిన మైసూరుపాక్ రెండు ముక్కలు తిన్నాను.

శిల్పికి మాత్రం మందు వేళ మార్చాను. ఉలి దించాకే పూసుకోమన్నాను. రెండు నెలలకు పగుళ్లు సగం మూసుకున్నాయి. ఆ రోజు సవరణ పేజీ కూడా ఆయన చేతికిచ్చాను. ఈసారి చాలాసేపు చూశాడు.

"ఇది నాదే," అన్నాడు. మళ్లీ ముఖం ముడిచాడు. "గోళ్లలో మన్ను గూడా బొమ్మలో పడింది సూడు. ముందే చెప్పింటే కడుక్కొని వచ్చింటి గదమ్మా!"