పైవీధికి ఎక్కని నీళ్లు

గోపాలపట్నం దగ్గర హైవే వదిలి కొండవైపు లోపలికి వెళ్తే, వాలు మీద ఒకదాని పైన ఒకటిగా మూడు వీధులున్న కాలనీ వస్తుంది. కొన్నాళ్లపాటు ఆ కాలనీ నీళ్లు నా బాధ్యత. ఇంజనీరింగ్ పూర్తిచేసి, పరీక్ష రాసి, వార్డు సచివాలయంలో ఉద్యోగం తెచ్చుకున్నాను. మంచినీళ్లు, వీధిదీపాలు, మురుగుకాలువలు నేను చూడాలి. ఇళ్ల ప్లాన్లు, అనుమతి లేని కట్టడాలు చూడడానికి టౌన్‌ప్లానింగ్ వాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల పనిలో నేను వేలు పెట్టకూడదు, నా పనిలో వాళ్లు పెట్టరు.

మా నాన్న స్టీల్‌ప్లాంటులో పనిచేసేవారు. నేను పెరిగిందంతా క్వార్టర్సులో. స్విచ్ వేస్తే లైటు వెలిగినట్టే, కుళాయి తిప్పితే నీళ్లు వచ్చేవి. నీళ్లు వచ్చే వేళను బట్టి మనుషులు నిద్ర లేస్తారని, ఊరెళ్లే ప్రయాణాలు మార్చుకుంటారని, ఇంటికొచ్చిన చుట్టాన్ని ఇంకో పూట ఉండమనడానికి వెనకాడతారని ఆ కాలనీకి వెళ్లాకే తెలిసింది.

మాస్టారు మొదటిసారి మా ఆఫీసుకు వచ్చినప్పుడు మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంది. పైవీధిలో ఆయనది టైలరింగ్ షాపు. ఇంటి ముందుగదే షాపు. వన్‌టౌన్‌లో తాతల నాటి నుంచీ కుట్టుపని చేసుకుంటున్న ముస్లిం కుటుంబం. అక్కడ అన్నదమ్ములందరికీ ఇల్లు చాలక, ఎప్పుడో చవగ్గా దొరికిన స్థలంలో రెండు గదులు వేసుకుని భార్యతో ఈ కొండ మీదికి వచ్చేశారు. కాలనీలో చిన్నా పెద్దా అందరూ మాస్టారనే పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను.

కూర్చోమంటే కూర్చోలేదు. గోడ మీద మేం రాసి పెట్టిన నీళ్ల వేళలు ఒకసారి చదువుకుని, నెమ్మదిగా అన్నారు.

"అమ్మా, మా వీధికి రోజు విడిచి రోజు నీళ్లు వత్తన్నాయని ఇక్కడ రాసున్నాది. మా కుళాయికి ఆ సంగతి తెలీనట్టున్నాది."

అది వెటకారం కాదు. నా ముఖం చూసి నవ్వాలో వద్దో తెలుసుకుని తరవాత నవ్వారు. నేను మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పాను.

వెళ్లాను. కింది వీధిలో కుళాయిలన్నీ ధారగా పోస్తున్నాయి. మధ్యవీధిలో సన్నంగా వస్తున్నాయి. పైవీధిలో బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి, వాటి పక్కన ఆడవాళ్లు గొంతుక్కూర్చుని ఉన్నారు. కుళాయిలు గాలి వదులుతున్నాయి తప్ప చుక్క లేదు. మా ఫిట్టర్ నన్ను మధ్యవీధి చివర మలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ ఇళ్ల మధ్యలో కొత్తగా మూడంతస్తుల భవనం లేచింది. పైన కాపురాలు, కింద సిమెంటూ ఇనుమూ దించే గోడౌన్. లారీలు లోపలికి ఎక్కడానికి రోడ్డు అంచు మీదికంటా కాంక్రీటు ర్యాంపు పోశారు. పైవీధికి వెళ్లే పైపు ఆ ర్యాంపు కిందే ఉంది. లారీల బరువుకు లోపల ఎక్కడో పైపు చితికిపోయింది. వదిలిన నీళ్లన్నీ భూమిలోకి ఇంకి, ఆ భవనం పక్క కాలువలోంచి తేటగా పారుతున్నాయి.

"ర్యాంపు కొడితే గానీ పైపు దొరకదు మేడమ్. ర్యాంపు నాను కొట్టలేను," అన్నాడు ఫిట్టర్.

నేనూ కొట్టలేను. మా పైన ఇంజనీరు గారికి చెప్పాను. ఆయన మంచివారే, విన్నారు. కట్టడం ఏదైనా సరే, ముట్టుకోవాలంటే టౌన్‌ప్లానింగ్ వాళ్లు రావాలన్నారు. టౌన్‌ప్లానింగ్ అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన కూడా విన్నారు. నీళ్ల మీద వచ్చిన ఫిర్యాదుతో తాను భవనం జోలికి వెళ్లలేనని, కాపురాలుండే చోట గోడౌన్ నడుపుతున్నారని ఆ వీధివాళ్లెవరైనా విడిగా ఫిర్యాదు ఇస్తే అప్పుడు చూడొచ్చని చెప్పారు. నిబంధన అదే. ఆ మాట పట్టుకుని పైవీధికి ఎక్కాను.

మాస్టారు కుట్టుమిషను ఆపి విన్నారు. తరవాత, "ఆయనతో నాకేటి గొడవమ్మా? గోడౌన్ పెట్టుకోనీ, సినిమాహాలే పెట్టుకోనీ. నాకు నీళ్లు కావాలంతే," అన్నారు.

నీళ్లు రావాలంటే దారి అదొక్కటే ఉందని చెప్పాను. ఇంకో దారి నాకు తెలిసి ఉంటే అదే చెప్పేదాన్ని. లోపలి గదిలోంచి ఆయన భార్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మధ్యవీధి దాకా దిగి, రెండు బిందెలు మోసుకుని మెట్లెక్కడం అప్పటికి రోజూ చూస్తూనే ఉన్నాను. ఆవిడ భర్తతో ఉర్దూలో ఏదో అంది. ఆయన తల ఊపారు. వీధిలో ఇంకొందరు కూడా ఆయనతో పాటు ఫిర్యాదు మీద సంతకాలు పెట్టారు. ముందు పేరు మాత్రం ఆయనదే.

ఆ తరవాత ఎండలు ముదిరాయి. పైవీధికి ట్యాంకరు పెట్టించాను. గోడౌన్ దగ్గర లారీ నిలబడితే ట్యాంకరు మలుపు తిరగలేక కిందే ఆగిపోయేది. మాస్టారి ఇంటి ముందు రోడ్డు పక్కన నేలలోకి తవ్విన చిన్న నీళ్లతొట్టి, సంపు ఉండేది. కుళాయి బాగా వచ్చిన రోజుల్లో కట్టుకున్నది. ట్యాంకరు పైకి ఎక్కగలిగిన రోజున డ్రైవరు గొట్టం అందులో పెట్టి నింపేసి వెళ్లేవాడు. వీధంతా వచ్చి అందులోంచే తోడుకునేది. సంపు మూత తాళంచెవి ఆయన భార్య దగ్గర ఉండేది. ఎవరికెన్ని బిందెలో ఆవిడే చూసేది. ఆవిడ మాట మీద తగాదా వచ్చినట్టు నేను వినలేదు.

ఒకసారి పైవీధి ఆడవాళ్లందరూ ఖాళీ బిందెలతో వచ్చి మా ఆఫీసు గుమ్మంలో కూర్చున్నారు. ఎవరూ కేకలు వేయలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో. భీమిలి వైపు సముద్రం ఒడ్డు నుంచి కోడలుగా వచ్చిన ఒకామె చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని నన్ను అడిగింది.

"మేడమ్, మా ఊళ్లో ఉప్పునీళ్లు తప్ప ఏటీ లేవని ఇక్కడిచ్చి చేశారు మావోళ్లు. ఇప్పుడు మా అమ్మకేటి సెప్పమంటారు?"

నేను పైకి రాశానని చెప్పాను. నిజంగానే రాశాను.

గోడౌన్ ఆయన్ని కూడా కలిశాను. మర్యాద తెలిసిన మనిషి. నాకు కుర్చీ వేయించి కొబ్బరినీళ్లు తెప్పించాడు. నీళ్లు ఆపాలని తనకేముందని, తానూ పన్ను కడుతున్నానని, భవనానికి అన్ని అనుమతులూ ఉన్నాయని చెప్పాడు. ర్యాంపుకు కూడా ఉందా అని అడిగితే, ర్యాంపు లేకపోతే లారీ ఎలా ఎక్కుతుందని నన్నే అడిగాడు. కొద్దిరోజులకే కోర్టుకు వెళ్లి ర్యాంపును ఎవరూ ముట్టుకోకుండా స్టే తెచ్చుకున్నాడు. దాంతో పాటు ఇంకో పని చేశాడు. టైలరు కాపురాల వీధిలో షాపు నడుపుతున్నాడని, సంపు, మెట్లు, రేకుల పందిరి రోడ్డు మీదికి కట్టాడని తనూ ఒక ఫిర్యాదు ఇచ్చాడు.

టౌన్‌ప్లానింగ్ అధికారి నన్ను పిలిచి చెప్పారు. ఇద్దరి మీదా ఫిర్యాదు వచ్చింది కాబట్టి ఇద్దరికీ నోటీసులు ఇచ్చారట. ఒకరికి స్టే ఉంది. రెండో వారికి లేదు. ఆయన గొంతులో ద్వేషమేమీ లేదు. నా వైపు చూడకుండా, తన టేబులు మీది పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ తిప్పుతూ చెప్పారు. ఆ సంపు ఒక్క ఇంటిది కాదని, వీధంతా దాని మీదే బతుకుతోందని చెప్పాను. "తెలుసమ్మా. కానీ అది రోడ్డు మీద ఉంది కదా," అన్నారు. కొలిస్తే అది నిజమే. రోడ్డు మీదే ఉంది.

మాస్టారికి లాయరు ఎవరూ తెలియరు. వన్‌టౌన్‌లో తమ్ముడి కొడుకు ఎవరినో అడుగుతానన్నాడు, అడిగేలోపే గడువు అయిపోయింది.

జేసీబీ వచ్చిన రోజు నన్ను కూడా అక్కడ ఉండమన్నారు. సంపు నీళ్ల సంబంధమైనది కాబట్టి నీళ్ల విభాగం మనిషి ఉండాలట. పొద్దున పదకొండు దాటి ఉంటుంది. ఎండ చురుక్కుమంటోంది. ఆ రోజే ట్యాంకరు పైకి ఎక్కింది. సంపు నిండుగా ఉంది.

మాస్టారు షాపులోంచి మిషను లోపలికి జరుపుకుంటున్నారు. ఆయన భార్య సంపు పక్కకు వచ్చి మూత తీసింది. అధికారి ముందుకు వెళ్లి, "జరగండమ్మా," అన్నారు.

"జరుగుతాను బాబూ. ఈ నీళ్లు తోడుకోనీండి. తరవాత మీ పని మీరు సేసుకోండి," అంది ఆవిడ.

అధికారి వాచీ చూసుకుని డ్రైవరుకు చెయ్యెత్తి ఆగమన్నారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆవిడ వీధివైపు తిరిగి ఎవరినీ పిలవలేదు. ఒక బిందె నింపి పక్కన పెట్టింది, ఇంకోటి నింపింది. అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. బిందెలు, బకెట్లు, స్టీలు క్యాన్లు, అన్నం గిన్నెలు, పిల్లల టబ్బులు కూడా వచ్చాయి. మామూలుగా ఇంటికిన్ని అని లెక్క చూసే మనిషి ఆ పూట ఎవరినీ ఆపలేదు. తోడి పోస్తూనే ఉంది. నీళ్లు కిందికి దిగాక చేదకు అందలేదు. ఒకతను లోపలికి దిగి చెంబుతో ఎత్తి అందించాడు. చంటిపిల్ల తల్లి కూడా వచ్చింది. ఆమె బిందె నిండాక, మాస్టారి భార్య ఆ పిల్ల ముఖం తడిచేత్తో తుడిచింది.

మేమందరం నిలబడి చూశాం. నేను, అధికారి, ఇద్దరు కానిస్టేబుళ్లు, డ్రైవరు. ఒక బకెట్టయినా అందుకుందామని నాకు అనిపించింది. ఐడీ కార్డు మెడలో వేసుకుని ఆ వరసలో నిలబడితే అది సాయమో ఎగతాళో వాళ్లకు తెలియదనిపించి ఆగిపోయాను. సంపు అడుగు కనపడ్డాక ఆవిడ చీర కుచ్చిళ్లు పిండుకుని ఇంట్లోకి వెళ్లింది. జేసీబీ కదిలింది. సంపు, మెట్లు, రేకులు పడిపోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. మెట్లు పోవడంతో గుమ్మం నేలకు మనిషి నడుమెత్తున ఉండిపోయింది. మాస్టారు ఒక సిమెంటు ఇటుకను గుమ్మం కింద పెట్టి, దాని మీద కాలు వేసి, అది ఊగుతోందా లేదా చూసుకున్నారు.

నేను దగ్గరికి వెళ్లాను. "మాస్టారూ," అన్నాను.

"నువ్వేటి సేత్తావమ్మా. ఎండలో నిలబడ్డావు. ఇంటికెళ్లు," అన్నారాయన.

ఆయన తిట్టి ఉంటే బాగుండుననుకుంటూ బస్సెక్కాను. ఇంటికి వెళ్లి నాన్నకు చెప్తే, పైవాళ్లకు మళ్లీ రాయమన్నారు. రాశాను. ఇంజనీరు గారు బదిలీ అయ్యారు. కొత్తాయన వచ్చి మొదటి నుంచీ చెప్పమన్నారు. చెప్పాను. ర్యాంపు గురించి మాట్లాడిన ప్రతిచోటా కోర్టులో ఉందన్నారు. చివరికి ఎవరికి తోచిందో గానీ, ర్యాంపును ముట్టుకోకుండా, కొండకు రెండో వైపు నుంచి చుట్టూ తిప్పి పైవీధికి సన్నటి కొత్త పైపు వేశారు. అప్పటికి ఇంకో ఎండాకాలం కూడా వెళ్లిపోయింది. నీళ్లు వదిలిన రోజున పైవీధిలో కుళాయిలు దగ్గి, ఎర్రటి నీళ్లు కక్కి, తరవాత తేటగా పోశాయి. ఎవరో నా చేతిలో బెల్లం ముక్క పెట్టారు.

మాస్టారి ఇంట్లో అద్దెకుంటున్న వాళ్లు కూడా నీళ్లు పట్టుకున్నారు. ఆయన అక్కడ లేరు. షాపు నడపకూడదన్న నోటీసుతో ఆ ఇంట్లో ఆయనకు పని లేకుండా పోయింది. వన్‌టౌన్‌కే తిరిగి వెళ్లిపోయారు.

నీళ్ల సంగతి చెప్పాలని ఒక ఆదివారం వెతుక్కుంటూ వెళ్లాను. సందులో తమ్ముడి కొడుకు బట్టల దుకాణం, దాని అరుగు మీద మాస్టారి మిషను. నన్ను చూసి లేచి నిలబడ్డారు. పైవీధికి నీళ్లు వచ్చాయని చెప్పాను. ఆయన కాసేపు సంతోషంగానే చూశారు.

"వంటింటి దాకా వత్తన్నాయా?" అని అడిగారు.

వస్తున్నాయన్నాను. లోపలికి కేకేసి భార్యతో చెప్పారు. ఆవిడ టీ పట్టుకొచ్చింది. కొత్త పైపు ఎటు నుంచి వేశారో, ఎంతసేపు వదులుతున్నారో, చంటిపిల్ల తల్లి ఇంకా అక్కడే ఉందో లేదో అడిగింది. నేను చెప్పినవన్నీ తల ఊపుతూ విని, మంచిదైంది అంది. ఆ ఇంటికి తిరిగి వెళ్తారా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అరుగు మీద మిషనుకు ఆనుకుని ఉన్న ఆ కాస్త చోటు చూసి అడగలేదు.

ఇంతలో నేనెవరో తెలిసి ఎదురు దుకాణం ఆయన వచ్చాడు. సందులో మురుగు పొంగి దుకాణాల ముందుకు వస్తోందని, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రావడం లేదని మొదలుపెట్టాడు. అది నా వార్డు కాదు. ఆ మాట చెప్పకుండా అంతా విన్నాను. ఏ ఆఫీసుకు వెళ్లాలో, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా వింటూ, ఫిర్యాదులో ముందు ఎవరి పేరు పెట్టాలని అడిగాడు.

మాస్టారు మిషను సూదిలోంచి జారిపోయిన దారాన్ని పళ్లతో కొరికి, కళ్లజోడు సరిచేసుకుని, మళ్లీ ఎక్కిస్తున్నారు.