టీబీ అని తేలాక మల్లేశం అడిగింది

నా ఛాతీలో లింఫు గ్రంథులు వాచాయనీ, క్యాన్సర్ కావచ్చనీ పంజాగుట్టలో డాక్టరు అన్నాడు. పోయిన వారం నోట్లోంచి సన్నని గొట్టం పంపి, దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌తో చూసుకుంటూ ఆ గ్రంథుల్లోంచి సూదితో నమూనా తీశారు.

ఆ సాయంత్రం అమీర్‌పేటలో మా ఇంటికి మల్లేశం వచ్చాడు. ఇద్దరం ఒకే పత్రికలో ఇరవై ఏళ్లు పనిచేశాం. చేనేత మీద నేను రాసిన వ్యాసం ఒకటి అప్పట్లో అతని పేరుతో అచ్చయింది. దానికొచ్చిన బహుమతి ఇప్పటికీ వాళ్లింటి షోకేసులో ఉంది. కంపోజింగ్‌వాళ్ల పొరపాటని ఇన్నాళ్లూ చెప్పుకొచ్చిన మనిషి, ఆ రోజు నా చెయ్యి పట్టుకుని, పేరు మార్చింది తానేనని ఏడ్చాడు. పోయేముందు పంతమెందుకని క్షమించాను.

ఈ రోజు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు, టీబీ. మల్లేశానికి ఫోన్ చేశాను.

“తగ్గుతదా అన్నా?”

“ఆరు నెలలు మందులు వాడితే తగ్గుతుందన్నారు.”

“మస్తు మంచిగైంది.” గొంతు తగ్గించాడు. “మొన్న నేను చెప్పింది ఎవ్వరికి చెప్పకు జర.”

“ఎందుకు?”

“నువ్వు పోతున్నవనుకొని చెప్పిన గద అన్నా.”

మరణశయ్య దగ్గర తప్పు ఒప్పుకునేవాళ్ల గురించి నవలల్లో చాలా చదివాను. వాటిలో రోగి మర్నాటికల్లా పోతాడు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పోతున్నాననుకుని క్షమించాను. బతికాక కూడా ఆ మాట మీద నిలబడాలా? మీరే చెప్పండి. మల్లేశం కూడా ఈ వాట్సాప్ గ్రూపులోనే ఉన్నాడు, చదువుతాడు.