రంగునీళ్ల సీసాలు

మొన్న ఒక పరిశోధనశాల ప్రారంభానికి పిలిస్తే వెళ్ళాను. గుమ్మం దాటగానే కొత్త సున్నం వాసన గుప్పున ముక్కుకు తగిలింది. పక్కనున్నవాళ్ళు ఏదో చెబుతూనే ఉన్నారు. నాకు మాత్రం రాజలింగం సారు గుర్తొచ్చారు.

ఆయన నా మొదటి అధికారి. పందొమ్మిది వందల నలభైల మొదట్లో, కాలేజీ నుంచి అప్పుడే బయటికి వచ్చిన నేను బాన్సువాడలో ఆయన కింద సహాయకుడిగా చేరాను. నిజాంసాగర్ కాలువ వచ్చాక మా వైపు వరి విరగపండింది. కానీ నీరు నిలిచిన పల్లపు పొలాల్లో తెల్లటి చౌడు పైకి తేలసాగింది. ఎంత నీరు పెడితే నేల చెడుతుంది, చెడిన నేల మళ్ళీ ఎలా బాగుపడుతుంది అన్నది తేల్చడానికి సర్కారు ఒక పరిశోధన క్షేత్రం మంజూరు చేసింది. మట్టిని పరీక్షించే శాల కూడా కట్టిస్తామన్నారు. సారు ఆ మాటను మనసారా నమ్మారు. కోటగిరి దారిలో లచ్చవ్వ అనే ఒంటరి ఆడమనిషి పొలం బాగా చౌడుబారి ఉంది. ఆమెను అడగడానికి ఆయన నన్ను వెంటబెట్టుకుని నడిచి వెళ్ళారు.

"అవ్వా, ఈసారి నాటు వేయకుండ పొలం మాకు విడువు. మట్టి పరీక్ష చేసి, ఏం చేస్తే బాగైతదో ముందుగాల నీకే చెప్త" అన్నారు.

"నువ్వు జూడ మంచోని లెక్కనే ఉన్నవ్ సారూ. తీస్కో" అంది ఆమె. ఆ పంటకాలమంతా ఆమె పరాయి పొలాల్లో కూలికి వెళ్ళింది.

శాల గోడలు లేచాయి. పైకప్పు పడ్డాక పట్నం నుంచి వేరే ఉత్తర్వు వచ్చింది: జలాశయం చూడటానికి వచ్చే పెద్దలకు విడిది లేదు కాబట్టి, ప్రస్తుతానికి ఆ కట్టడాన్ని అందుకు వాడుకోవాలి. పరికరాల కోసం చేయించిన అద్దాల బీరువాల్లోకి పింగాణీ పళ్ళాలు చేరాయి. పరికరాలు ఏవని సారు ఎన్నిసార్లు రాసినా, యుద్ధం నడుస్తోంది, ఆగమనేవారు. మేము తెచ్చిన మట్టి సంచులు వసారాలో వానజల్లుకు తడిసి కలగలిసిపోయాయి. ఏది ఎవరి పొలానిదో తెలియకుండా పోయింది.

ఆ మరుసటి ఏడు ఒక పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. శాల నడుస్తున్నట్టు కనిపించాలని సారు పైవాళ్ళు హుకుం చేశారు. గోడలకు మళ్ళీ సున్నం వేయించారు. పళ్ళాలు తీసేసి, దవాఖాన నుంచి తెప్పించిన ఖాళీ సీసాల్లో రంగునీళ్ళు పోసి వరసగా పేర్పించారు. సారు కాదనలేదు. అదే నాకు ఆశ్చర్యం. కోటు వేసుకుని, బల్ల పక్కన నిలబడి, అధికారి అడిగినవాటికి ఉర్దూలో సమాధానాలు చెబుతున్నారు. ఆయన గొంతు ఆయనది కానట్టుంది. చూపించడానికి పిలిపించిన రైతులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్ళలో లచ్చవ్వ కూడా ఉంది. సీసాలన్నీ తేరిపార చూసి, ఏ కల్మషమూ లేకుండా అడిగింది.

"సారూ, గిండ్ల నా మట్టి ఏ సీసల ఉన్నది?"

అధికారి ఇటు తిరిగి, "క్యా బోల్తీ హై?" అని, ఆమె ఏమంటోందో అడిగారు.

పైవాళ్ళు కళ్ళతో సైగలు చేస్తున్నారు. సారు మొదట లచ్చవ్వ వైపే తిరిగారు.

"ఇండ్ల నీ మట్టి లేదవ్వా. ఎవ్వరి మట్టీ లేదు. ఇవన్ని ఉత్త రంగునీళ్ళు. నీ పొలం ఊకెనే బీడు పెట్టించిన."

తరవాత అదే మాట, ఒక్క ముక్క దాచకుండా, అధికారికి ఉర్దూలో చెప్పారు. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. లచ్చవ్వ కోప్పడి ఉంటే బాగుండేది. "గట్లనా" అని మాత్రం అని, కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తిరిగి వస్తూ దారిలో నేను, "ఎంత ధైర్యం సార్ మీది!" అన్నాను. మెచ్చుకున్నాననే అనుకున్నాను. ఆయన చటుక్కున ఆగిపోయారు.

"ధైర్యం ఏంది? ఆమె అడిగింది గనుక చెప్పిన. అడగకుంటే చెప్పకపోదును. పొద్దటి నుంచి నోరు మూసుకునే ఉన్న గద!"

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నేను చూడలేకపోయాను.

కొద్ది రోజుల్లోనే బదిలీ ఉత్తర్వు వచ్చింది. వెళ్ళేలోపు ఆయన లచ్చవ్వ పొలానికి మళ్ళీ వెళ్ళి, అడిగి మట్టి తీసుకున్నారు. పట్నంలో తాను చదివిన కాలేజీలో బతిమాలి పరీక్ష చేయించుకుని, తిరిగొచ్చి ఆమె ఇంటి ముందు నిలబడి చెప్పారు. నీరు బయటికి పోయేలా పొలం అంచున లోతుగా కాలువ తవ్వాలి. అయినా అంతా బాగవుతుందని నమ్మకం లేదు. తవ్వడానికి ఆయనా నేనూ కూడా దిగాం. లచ్చవ్వ మాకు అంబలి పోసింది కానీ, వెనుకటిలా 'మంచోనివి' అనలేదు. రెండు పంటకాలాలు గడిచాక సగం పొలంలో వరి పచ్చబడింది. మిగతా సగం తెల్లగానే ఉండిపోయింది. ఆ కబురు ఆయనకు రాశాను. జవాబు రాలేదు.

తరవాత సర్కారు పరిశోధన సంస్థల్లో నేనూ పెద్ద కుర్చీల్లోనే కూర్చున్నాను. ఎక్కడికి వెళ్ళినా, ఉన్నవాటికన్నా ముందు లేనివాటి గురించే చెప్పేవాణ్ణి. ఏ యంత్రం రాలేదో, ఏ గది ఇంకొకరి చేతిలో ఉందో చెప్పేవాణ్ణి. అందుకు కొందరు నన్ను అపశకునపు పక్షి అన్నారు. అన్నా పరవాలేదు. అడిగేవాళ్ళ గురించి నాకెప్పుడూ భయం లేదు. మేము చూపించిందంతా చూసి, ఏమీ అడగకుండా దణ్ణం పెట్టి వెళ్ళిపోయే రైతు ముందే నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.