పాపయ్య అతికిన చిరుగు

మ్యూజియం వాళ్ళు మగ్గం అడిగినప్పుడు పాపయ్య పెట్టిన షరతు ఒక్కటే. దాని మీద తాను తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు.

బెంగళూరు పక్కన దొడ్డబళ్ళాపురంలో అతని వీధి మొత్తం ఎప్పుడో కరెంటు మగ్గాలకు మారిపోయింది. ఆ హోరులో అతని గుంట మగ్గం చప్పుడు అతనికే వినిపించేది కాదు. ఇంటి యజమాని గుంట పూడ్చి గచ్చు చేయిస్తానన్న నెలలోనే లావణ్య అనే అమ్మాయి కారులో వచ్చింది. విజయవాడ వైపు పిల్ల. బెంగళూరులో కాడుగోడి దాటాక, వైట్‌ఫీల్డ్ వైపు ఒక పాత పెంకుల ఫ్యాక్టరీలో బట్టల మ్యూజియం తెరుస్తున్నారు. అక్కడ ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో, దాని గురించి ఏం రాయాలో ఆమె చెప్పిందే ఖాయం.

“మగ్గంతో పాటు మీరూ వచ్చేయండి పాపయ్యగారూ. విజిటర్స్ ముందు లైవ్‌గా నేస్తే చాలు,” అంది. షరతు విని తల ఊపింది. అది ఏ కాగితం మీదా పడలేదు. పడాలని పాపయ్యకు తోచలేదు. మగ్గం ఎదుట నిలబడి అన్న మాట అతని లెక్కలో రాసిన మాటే.

అరవై రెండేళ్ళ మనిషి. ఏడో ఏట గుంటలో కాళ్ళు పెట్టాడు. పిల్లలు లేరు. ఎవరైనా అడిగితే భార్య అంజినమ్మ మగ్గం వైపు చెయ్యి చూపేది. “ఇదొకటి ఉండాది గదా, పెట్టిందంతా తినేదానికి!” ఇద్దరూ మగ్గం వెంట వచ్చి కాడుగోడి సంత వెనక ఒక గదిలో దిగారు.

ఆదివారాల్లో ఊరు చూసే గుంపులు ఒక వరసలో తిరిగేవి. ముందు రైలు పట్టాల పక్కన గోడల మీద బొమ్మలు, తర్వాత రెండు గ్యాలరీలు, కాఫీ, ఆఖరున మ్యూజియం. గోడబొమ్మల్లో పాపయ్య కూడా ఉన్నాడు, నాలుగు చేతులతో. ఎవరో కుర్ర చిత్రకారిణి వేసింది. అంజినమ్మ దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, “ఎక్కువుండే రెండు చేతులు ఇంటికి పంపించు, అంట్లు తోముతాయి,” అంది.

నేసే పని పెద్దగా లేదు. రోజుకు ఒక జానెడు నేసినా ఎవరూ అడగరు. జనం ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు, పేక పోగును మోసే నాడె అటూ ఇటూ పోవడం వీడియో తీసుకుంటారు, పోతారు. పాపయ్యకు ఆ జనంతో పనిలేదు. పొద్దున వచ్చి గుంటలో దిగితే చాలు, కాళ్ళు తమ చోటికి తాము పోయేవి.

రెండో ఏడు ఎండాకాలంలో ఒక పాత చీర వచ్చింది. చిక్కపేట వ్యాపారి పద్మనాభం ఇంటి నుంచి ఆరు నెలలకు అరువుగా ఇచ్చారు. వక్క రంగు పట్టు, నూట పాతికేళ్ళ నాటిది. దానికోసం చేయించిన గాజుపెట్టె కొలత తప్పింది. కొత్తది వచ్చేదాకా చీరను బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టారు. చెంగు దగ్గర నాలుగు వేళ్ళ వెడల్పున చిరిగి, పోగులు పీచుపీచుగా లేచి ఉన్నాయి.

పాపయ్య మూడు రోజులు ఆ బల్ల పక్కనుంచే మగ్గానికి నడిచాడు.

అతని వీధిలో ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంటికి ఏ పని మీద పోయినా, వాళ్ళ మగ్గం మీద తెగిన పోగు కంటబడితే అతికి పోవాలి. అడగనక్కర్లేదు, చెప్పనక్కర్లేదు. ఇంటివాళ్ళు లేకపోయినా సరే, అతికి తమ దారిన పోతారు. చూసి కూడా ఊరికే పోయినవాడి గురించి మాత్రం పదేళ్ళు చెప్పుకుంటారు. పాపయ్య నాన్న అలాంటి ఒక మనిషి ఇంట నీళ్ళు కూడా తాగలేదు.

సోమవారం మ్యూజియానికి సెలవు. పాపయ్య మగ్గానికి నూనె పెట్టే పని మీద వచ్చాడు. హాల్లో కాపలా ఉండే మారప్ప తప్ప ఎవరూ లేరు. పాపయ్య చేతులు కడుక్కున్నాడు. తన పోగు కండెల బుట్టలో వెతికి వక్క రంగుకు సరిపోయే పట్టు తీశాడు. చిన్న కత్తెరతో చిరుగు కొసల్లోని పీచు కత్తిరించి చదును చేశాడు. వేళ్ళకు విబూది రాసుకుని ఒక్కొక్క పోగే మెలిపెట్టి అతికాడు, సూదితో అడ్డంగా పేక దూర్చాడు. పది గంటలకు మొదలుపెడితే నాలుగయింది.

మారప్ప వచ్చి చూశాడు. “లావణ్యమ్మ చెప్పిందా అన్నా?”

“దీనికి ఒకరు చెప్పాల్నా?”

“యాడ చిరిగిండాదో కనిపీలేదు, చూడు.”

ఆ మాట పాపయ్యకు రెండు రోజులు తీపిగా ఉంది. బుధవారం గాజుపెట్టె వచ్చింది. పదిమంది పనివాళ్ళ గొడవలో, లావణ్య మనుషులు చీరను గుడ్డతో సహా ఎత్తి అందులో పెట్టి బిగించేశారు. గురువారం పెట్టె పక్కన ఇంగ్లీషులో, కన్నడంలో రాసిన పలక నిలబెట్టారు. పాపయ్య కన్నడం చదువుతాడు. మధ్యాహ్నం బువ్వ తినడానికి పోతూ చదివాడు.

బెంగళూరులో ప్లేగు వచ్చిన ఏడాది. ఆ ఇంటి ఐదేళ్ళ పిల్లవాడికి జ్వరం తగిలితే ఊరి బయట వేసిన రోగుల డేరాలకు తీసుకుపోవడానికి మనుషులు వచ్చారు. పిల్లవాడు తల్లి చెంగు పట్టుకుని వదల్లేదు. వాణ్ణి లాగారు. వాడి పిడికిలిలో చెంగు చిరిగింది. పిల్లవాడు తిరిగి రాలేదు. తల్లి ఆ చిరుగును కుట్టలేదు, కుట్టనివ్వలేదు. తర్వాతి తరాలూ కుట్టలేదు. ఈ చిరుగును చూడండి, అని పలక ముగిసింది.

పాపయ్య రెండోసారి చదివాడు. టిఫిన్ డబ్బా మూత తీయకుండానే వెనక్కు వచ్చి గుంటలో కూర్చున్నాడు.

మారప్పకు చెప్పాడు. మారప్ప గడ్డం గోక్కున్నాడు. “సుమ్మనే నోరు మూసుకోని ఉండు. ఎవురు కనుక్కుంటారు? అడిగితే నాకేం తెలుసప్పా అను. నోరు తెరిచినావంటే నిన్ను పంపించేస్తారు, మగ్గం మాత్రం ఈడ్నే ఉంటాది.”

ఆ ఆఖరి మాట అతనికి తెలియనిది కాదు. అందుకే మూడు రోజులు నోరు తెరవలేదు.

ఆ మూడు రోజులూ జనం పలక చదివి చిరుగు కోసం వెతికారు. ఒకాయన గాజుకు ముక్కు ఆనించి, “ఇదిగో, ఇదే!” అని ఒక మడత గీత చూపించాడు. వెనకున్నవాళ్ళంతా ఆ మడత గీతనే ఫొటోలు తీసుకున్నారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. పాపయ్య నాడె విసురుతూ అంతా చూశాడు. ఇన్నేళ్ళ నేతలో మొదటిసారి అంచు వంకర పోయింది.

ఇంటి దగ్గర అంజినమ్మ మాత్రం సగం అన్నం మిగిలిన కంచం చూసి అడిగింది. చెప్పాడు. ఆమె కంచం తీసి పక్కన పెట్టింది. “చెప్పితే మగ్గం పోతాది,” అంది. చెప్పమనలేదు, వద్దనలేదు.

ఆదివారం పద్మనాభం వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, చేతికర్ర, వెంట లావణ్య. పెట్టె ముందు నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పలక చదవలేదు. చీరను చూశాడు, లావణ్యను చూశాడు.

“ఏమమ్మా, చీర తిప్పి పెట్టినారా?”

“లేదండీ, అదే సైడ్... వన్ సెకండ్...” ఆమె వంగింది. చిరుగు ఎక్కడా కనిపించలేదు.

పాపయ్య గుంటలోంచి లేచి వచ్చాడు. “నేను అతికినా అప్పా,” అన్నాడు.

పద్మనాభం అతన్ని ఎగాదిగా చూశాడు. “ఎవరు చెప్పినారు నీకు?”

“ఎవురూ చెప్పల్యా. తెగిండాదని అతికినా. అప్పటికి పలక లేదు.”

“విప్పు మరి. అతికినవాడివి విప్పలేవా?”

పాపయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. విప్పుతానని చెప్పొచ్చు. సూదిమొనతో ఒక్కొక్క ముడీ తీస్తే చిరుగులాంటిది ఒకటి వస్తుంది. ముసలాయన కంటికి తేడా తెలియదు.

“విప్పుతాను. అయితే అది ఆ చిరుగు కాదు. కొసలు కత్తిరించేసినా. పిల్లోడు లాగిన పీచంతా ఊడ్చేసి చెత్తలో వేసినా.”

పద్మనాభం కోప్పడలేదు. కర్ర రెండు చేతులా పట్టుకున్నాడు.

“మా ఇంట్లో ఆడోళ్ళందరికీ సూది పని వచ్చు,” అన్నాడు. “మా జేజి ఏటా ఆ పిల్లోణ్ణి తీసుకుపోయిన దినం చీర బయటికి తీసి చిరుగులో వేలు పెట్టి కూర్చునేది. ఆ పొద్దు అన్నం తినేది కాదు. ఒక్కరూ ముట్టలేదప్పా. ఐదు తరాలు.”

చీరను సాయంత్రమే తీసుకుపోయాడు. పాపయ్య పెట్టె దగ్గరుండి మడత పట్టబోతే, “నువ్వు వద్దు,” అన్నాడు.

రెండు రోజుల తర్వాత లావణ్య పిలిచింది. “మీ ఇంటెన్షన్ నాకు తెలుసు పాపయ్యగారూ. కానీ ఇక మీద మాకు పాత వస్తువులు ఎవరు లోన్ ఇస్తారు? మిమ్మల్ని ఉంచుకోవడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోవట్లేదు.” మగ్గం వైపు తిరిగి అంది. “ఒక్క హెల్ప్ చేయండి. మగ్గానికి మోటర్ పెడుతున్నాం. ఏ చెక్క ముందు తొక్కాలో, ఏది తర్వాతో మెకానిక్‌కి చూపించండి. దాని మీద ఇంకెవరూ కూర్చోరు. మీకిచ్చిన మాట అది.”

పాపయ్య చూపించాడు. చూపించకపోతే వాళ్ళు తప్పుగా కట్టి మగ్గం విరగ్గొడతారు. తొక్కుడు చెక్కలు రెండింటి వరసా, ఎంత లోతు తొక్కాలో, ఎక్కడ ఆపాలో ఒక పూటంతా చెప్పాడు. మెకానిక్ మంచివాడు, శ్రద్ధగా రాసుకున్నాడు. గుంటలో పాపయ్య కాళ్ళు ఉండే చోట మోటరు బిగించాడు.

స్విచ్ వేస్తే చెక్కలు వాటంతటవే దిగాయి, లేచాయి. మోటరుకే కట్టిన దువ్వెనలాంటి పన్నె వచ్చి నేసిన బట్ట అంచుకు కొట్టింది, పోయింది, మళ్ళీ కొట్టింది. నాడె తిప్పే ఏర్పాటు లేదు కనుక పేక పడదు. బట్ట ఒక్క పోగు కూడా పెరగదు.

“ఒకే తావున కొడతా ఉంటే పడుగు నలిగి తెగిపోతాదమ్మా,” అన్నాడు పాపయ్య.

“తెగినా పర్లేదండీ. చూడ్డానికి ఇంకా ఓల్డ్‌గా ఉంటుంది.”

గుంపు లోపలికి వచ్చింది. ముందున్న అమ్మాయి మగ్గం పక్కన కొత్తగా పెట్టిన పచ్చ బటన్ నొక్కి, ఫోన్ ఎత్తి పట్టుకుని, మగ్గం నాలుగుసార్లు కొట్టేసరికి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఆమె వెంట పోయారు. ఒకసారి బటన్ నొక్కితే నిమిషంపాటు నడిచేలా పెట్టారు. ఖాళీ హాల్లో మగ్గం కొడుతూనే ఉంది. పాపయ్య చెప్పులు చేతిలో పట్టుకుని ఆ నిమిషం అయిపోయేదాకా నిలబడ్డాడు. ఆగాక, కాడుగోడి వైపు నడిచాడు.