అమ్మ మంచం పక్కన టేబుల్ ఫ్యాను

పక్షవాతంతో అమ్మ మంచాన పడ్డాక, నాన్న రిటైరై మేం మారిన తాల్‌బగీచా ఇంట్లోని పాత టేబుల్ ఫ్యాను ఆవిడ పక్కకు చేరింది. ఎండలు ముదిరే వేళకు అది మొరాయించింది. స్విచ్ వేస్తే గుయ్యిమని మూలుగుతుంది, తిరగదు. పుల్లతో రెక్కను నెడితే మెల్లగా అందుకుంటుంది. మాట పడిపోయిన అమ్మ చెమటలో తడుస్తూ దాన్నే చూసేది.

నాన్న రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు మోటార్లకు వైండింగ్ చేసిన మనిషి. మేం రైల్వేవారి ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్‌లో ఉన్నప్పుడు వీధిలో ఎవరి ఫ్యాను ఆగినా ఆయన్నే పిలిచేవారు. అందుకే మిస్త్రీని పిలుద్దామంటే ఒప్పుకోలేదు. మూలుగు విని, కండెన్సర్ పోయిందన్నారు. బజారుకెళ్లి కొత్తది తెచ్చాను.

మధ్యాహ్నం నేను అమ్మకు గంజి తాగిస్తుంటే ఆయన ఫ్యాను వెనక మూత విప్పి కూర్చున్నారు. ఎందుకో గోడవైపు చూశాను. ఫ్యాను మీట ఆపారు గానీ ప్లగ్గు బోర్డులోనే ఉంది, బోర్డు స్విచ్ వేసే ఉంది. ఆయన వేళ్లు వైర్ల మీదికి పోతున్నాయి. ఒక్క ఉదుటున లేచి ప్లగ్గు లాగేశాను. గంజి అమ్మ మెడ మీద ఒలికింది.

చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుంటే, ముందు ప్లగ్గు తీసి నా చేతికిచ్చి, పనయ్యేదాకా వదలొద్దనేవారు.

"ప్లగ్గు తియ్యలేదేటి నాన్నా?"

"తీసినాను కదే."

నా చేతిలోని ప్లగ్గు చూశారు. తర్వాత కొత్త కండెన్సర్ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి నన్నడిగారు.

"ఇదేటే అమ్మా?"

అమ్మ మెడ తుడవబోతే ఆవిడ ముఖంలో ఆశ్చర్యమే లేదు. తనకు జబ్బు చేసేముందు ఏడాదంతా ఆయన వెనకే తిరుగుతూ, ఆయన వదిలేసిన గ్యాస్ ఆపేది, కుళాయి కట్టేది. నేను చాదస్తమనుకుని విసుక్కున్నాను. ఆవిడ కదిలే చేత్తో నా మణికట్టు పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

పాతది ఎలా ఉందో చూసి కొత్త కండెన్సర్ నేనే బిగించాను. ఇరుసు ఎండిపోయి బిగుసుకుని ఉంటే రెండు చుక్కల నూనె వేశాను. ఫ్యాను తిరిగింది.

సాయంత్రం నాన్న పనిముట్ల పెట్టెకు తాళం వేశాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు.