గంగాళం కింద పురుడు

అరవైల మొదట్లో నందిగామ హైస్కూల్లో నేను సైన్సు మేష్టర్ని. మా ఆవిడ ఎస్సెల్సీకి ప్రైవేటుగా కూర్చుని, అన్నిట్లో గట్టెక్కి, ఒక్క సైన్సులో తప్పింది. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టుకుని ఊరు పొందిన ఆనందం అంతా ఇంతా కాదు. కూరల బజార్లో వంకాయలమ్మే ఆమె తక్కెడ ఎత్తి పట్టుకుని, "ఇంట్లో పాఠాలు చెప్పరా అండీ మేష్టారూ?" అంది. చెప్పానంటే నాకు తలవంపు, చెప్పలేదంటే అబద్ధం. అప్పట్నుంచి ఆ దుకాణం దాటి వెళ్లి బీరకాయలు కొనుక్కున్నాను.

మా ఆవిడ పరీక్ష రాసేనాటికే నెల తప్పింది. ఫలితాలొచ్చేనాటికి పరీక్షా తప్పింది. మొదటిదానికి జగ్గయ్యపేటలోని పుట్టింటివాళ్లు సంతోషించి, రెండోదాన్ని పట్టించుకోలేదు. మా ఆవిడ మాత్రం రెండోదే పట్టుకుని కూర్చుంది. సెప్టెంబర్లో నందిగామలోనే మళ్లీ పరీక్ష. అందులో పాసైతే టీచర్ ట్రైనింగుకి వెళ్లాలని ఆమె ఆశ. ఈసారీ పోతే ఇక పుస్తకం ముట్టనంది.

ఐదో నెల రాగానే పేట నుంచి మా అత్తగారు చలిమిడి డబ్బాతో బస్సు దిగారు. కూతురికి చలిమిడి పెట్టి, వెంటబెట్టుకుని వెళ్లిపోదామని వచ్చారు. పుట్టింటికి చేరిన పిల్ల పురుడు పోసుకునేదాకా మళ్లీ ఆ గడప దాటకూడదని వాళ్ల పట్టింపు. అంటే, పరీక్షకు నీళ్లొదులుకోవడమే.

ఆవిడకి ఇంకో పట్టింపు కూడా ఉంది. అల్లుడితో నేరుగా మాట్లాడరు. తలుపు వెనక నిలబడి కూతురితో అంటారు. నేను కూతురికి జవాబు చెప్తాను. ముగ్గురమూ ఒకే గదికి అటూ ఇటూ ఉండి, ఈ వ్యవహారమంతా పోస్టాఫీసులా నడిపేవాళ్లం.

"అమ్మాయ్, మీ ఆయన్ని అడుగు. రేపు బయల్దేరదామా?"

"ఏడో నెలలో వస్తానమ్మా. పరీక్షవగానే."

"ఆయన్ని అడగమన్నా."

"ఏవండీ, మీరేమంటారు?"

"నువ్వేమంటే అదే" అన్నాను. ఇందువల్ల ఇద్దరికీ కోపమొచ్చింది. అయినా అత్తగారు కొంత మెత్తబడుతున్నట్టే ఉన్నారు. సరిగ్గా అప్పుడే పెరట్లో పాము కనబడింది.

మా ఇంటాయన స్నానాలగదికి గోడ పెట్టిస్తానని కీసర దగ్గర మున్నేట్లోంచి బండెడు ఇసుక తోలించి మా పెరట్లో పోయించాడు. ఆ కుప్ప మొదట్లో, మొద్దుగా, మచ్చలు మచ్చలుగా, మన్ను తిన్న పాము అనే మాటకి అర్థంలా పడి ఉందది.

"రక్తపింజరి" అన్నారు అత్తగారు తలుపు వెనక నుంచి.

"కాదు, మట్టిపాము. బోవాల కుటుంబం. విషం ఉండదు" అన్నాను అరుగు మీద నుంచి.

ఇద్దరమూ ఇలా దూరదూరాన నిలబడి వర్గీకరణ చేస్తుండగా, మా ఆవిడ వెళ్లి స్నానానికి నీళ్లు కాచుకునే గంగాళం తెచ్చి దానిమీద బోర్లించి, పైన ఒక ఇటుక పెట్టింది. నాకు విషయం తెలుసు గాని విషంతో పరిచయం లేదు. కాలేజీలో నేను కోసిన జీవులన్నిటిలోకీ ఉగ్రమైనది కప్ప.

కర్ర పట్టుకుని ఇంటాయన వచ్చాడు. గంగాళం దాకా వచ్చి ఆగిపోయాడు.

"కొట్టేద్దును మేష్టారూ. మా కోడలు నీళ్లోసుకుందండి."

కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో మగవాళ్లెవరూ పాముని చంపకూడదని మా వైపు గట్టి నమ్మకం. నాకూ అదే అడ్డం. నిజం చెప్పాలంటే ఆ అడ్డం లేకపోతే నా గతేమయ్యేదో. పక్కింటాయన్ని పిలుద్దామంటే వాళ్లమ్మాయి పురిటికొచ్చి ఉంది. ఆ ఏడు మా వీధి అంత కళకళలాడుతోంది. పాముకి ఇంతకన్నా క్షేమమైన వీధి జిల్లాలో దొరకదు.

"అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు. పాములు తిరిగే కొంపలో పిల్లనొదిలి నేను పేటకెళ్లను. పొద్దున బస్సుకే ప్రయాణం. సామాను సర్దుకో."

మా ఆవిడ నా వైపు చూసింది. సైన్సు మేష్టరు సైన్సుతో ఏదైనా చేస్తాడేమోనన్న చూపది. నేను గొంతు సవరించుకున్నాను.

ఆ సాయంత్రం నేను చెప్పిన పాఠం క్లాసులో ఎన్నడూ చెప్పలేదు. బోవాలది పెద్ద వంశమని మొదలుపెట్టాను. దక్షిణ అమెరికాలో నీళ్లలో ఉండేవి, చెట్లెక్కేవి ఉన్నాయి. మడగాస్కర్ దీవిలో కొన్ని, పసిఫిక్ దీవుల్లో కొన్ని స్థిరపడ్డాయి. మన మట్టిపాము, దాని అన్నగారు రెండుతలల పాము, వీళ్లది ఇసుకలో కాపురం చేసే బీద శాఖ. మన కొండచిలువనీ అప్పట్లో ఇదే ఇంటిపేరు కింద రాసేవాళ్లు. అది గుడ్లు పెడుతుంది, బోవాలు ఇంచుమించు అన్నీ పిల్లల్ని పెడతాయి. అయినా ఉమ్మడి కుటుంబమే. (తర్వాత పండితులు కొండచిలువకి వాటా పంచి ఇచ్చేశారు. ఈమధ్య మట్టిపాముల చేత కూడా వేరు కాపురం పెట్టించారట. పంపకాలు మనకే కాదు.) వీళ్లందరికీ తోక మొదట్లో చిన్న ముళ్లుంటాయి, అవి ఒకప్పటి కాళ్ల ఆనవాళ్లు అన్నాను. మధ్యాహ్నం పాము కనబడినప్పుడు నా కాళ్లు ఆనవాళ్లు లేకుండా పోయిన సంగతి చెప్పలేదు.

తలుపు వెనక నుంచి జవాబు కూతురికే వచ్చింది.

"జింకల్ని మింగే వాళ్లకి చుట్టమని చెప్పి నన్ను ధైర్యంగా ఉండమంటాడేమిటే మీ ఆయన?"

మా ఆవిడ తల పట్టుకుంది. నేను ఒద్దికగా పడుకున్నాను.

పొద్దున్నే, బస్సు వేళకి ముందు, పొడుగాటి దుడ్డుకర్రతో గంగాళం ఎత్తాను. పాము ఉన్నచోటే ఉంది. చుట్టూ చిటికెనవేలంత పాములు, అచ్చం దాని పోలికే, ఇసుకలో తలలు దూరుస్తున్నాయి.

"చూశావా? పిల్లల్ని పెట్టేది రక్తపింజరే" అన్నారు అత్తగారు. ఈసారి తలుపు దాటి వచ్చారు.

అది నిజమే. రక్తపింజరీ పిల్లల్నే పెడుతుంది. ముందురోజు నేను గొప్పగా వేసిన ఆధారం ఇద్దరికీ సమానంగా పనికొచ్చింది.

మా ఆవిడ ఇసుక పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, ఇలా రా. దూరంగానే ఉండు. రక్తపింజరికి మచ్చలు గొలుసు అల్లినట్టు వరసగా ఉంటాయి. దీనివి చూడు, కూర ఒలికినట్టు ఎక్కడివక్కడ చెదిరిపోయాయి. దాని తల మెడకన్నా వెడల్పు. దీనికి తలా మెడా ఒకటే లావు. దాని తోక సన్నంగా సాగుతుంది. ఇది పొట్టిగా, చెప్పకుండా ఆగిపోయింది. రక్తపింజరైతే ఈపాటికి కొలిమితిత్తిలా బుసకొట్టేది. కిందవేపు కాళ్ల గుర్తులుంటాయి, తిప్పి చూపించనా?"

"ఒద్దొద్దు."

అత్తగారు పామును చూడటం మానేసి కూతుర్ని చూస్తున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. పెళ్లయ్యాక మొదటిసారి, మధ్యలో ఎవరూ లేకుండా నన్నడిగారు.

"సరిగ్గానే చెప్తోందా అండీ?"

"నూటికి నూరు."

"మరి తప్పడమేమిటి?"

"ఇది అడగలేదండీ."

ఆవిడ లోపలికెళ్లి సర్దిన పెట్టె విప్పేశారు. అయితే పరీక్షయ్యేదాకా తానూ ఇక్కడే ఉంటానన్నారు. గంగాళం మళ్లీ జాగ్రత్తగా బోర్లించమని, బాలింతని ఎండలో ఉంచకూడదని నాకే చెప్పారు. దాని పక్కన ఆకులో చలిమిడి ముద్ద కూడా పెట్టారు. "నిన్నటిదాకా అదీ కడుపుతో ఉన్నదేగా" అన్నారు. చీమలు తిన్నాయి. చల్లబడ్డాక ఇంటాయన పాలేరు ఇసుకతో సహా తల్లినీ పిల్లల్నీ తట్టలో వేసుకుని మున్నేటి ఒడ్డుకి చేర్చాడు. నేను పర్యవేక్షించాను, అరుగు మీద నుంచి.

నాతో మాట్లాడటం మొదలుపెట్టిన అత్తగారు సెప్టెంబరు దాకా ఆపలేదు.

పరీక్షలో పాముల ఊసే లేదు. వానపాము జీర్ణవ్యవస్థ బొమ్మ వేసి భాగాలు గుర్తించమన్నారట. ఆ వంశం గురించి నేనొక్క ముక్క చెప్పలేదు గనక మా ఆవిడ పుస్తకం చూసి సొంతంగా నేర్చుకుంది, బాగా రాసింది.

ఫలితం వచ్చేసరికి ఆమె పేటలో పచ్చి బాలింత. ఆ వార్త పట్టుకుని బస్టాండుకి బయల్దేరినవాణ్ణి, దారి మళ్లి కూరల బజారుకెళ్లి, ఆ పాత దుకాణం ముందు నిలబడి గట్టిగా వీసెడు వంకాయలడిగాను. సంచీతో పేటలో దిగగానే అత్తగారు వీధిలోకే ఎదురొచ్చారు.

"పాసైందండీ" అన్నాను.

"తెలుసు, అవుతుంది" అని సంచీలోకి తొంగిచూశారు. "బాలింతకి వంకాయలేమిటి అల్లుడుగారూ? మీరు నిజంగా సైన్సు మేష్టరేనా?"